ఊపిరికి సరిపడే వెచ్చదనం

హైరియా చాలా ఏళ్లు గనిలోని దీపాల గదిలో పనిచేసింది. చెప్పుకుంటే చిన్న పనే. షిఫ్టు మొదలయ్యేటప్పుడు కిటికీలోంచి మనిషికో దీపం అందించాలి. షిఫ్టు అయ్యాక తిరిగి తీసుకుని దాని నంబరున్న కొక్కేనికి తగిలించాలి. తోటి ఆడవాళ్లకు అది దీపాలు తుడిచే ఉద్యోగం. హైరియాకు మాత్రం ఖాళీ కొక్కేలను చూస్తూ కూర్చునే ఉద్యోగం. ఒక కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కొండ కిందే ఉన్నాడని అర్థం. అన్నీ నిండేదాకా ఆమె కోటు తొడుక్కునేది కాదు. పైకొచ్చే లిఫ్టు తాడు చప్పుడులో ఏ కాస్త తేడా ఉన్నా అందరికన్నా ముందు ఆమె తల పైకి లేచేది.

రగీబ్ పరిచయమైంది ఆ కిటికీ దగ్గరే. పొడుగాటి మనిషి, కిటికీలోకి చూడాలంటే నడుం వంచాలి. దీపం అందుకుంటూ గనివాళ్లంతా ఒకటే మాట అనేవాళ్లు, "స్రెత్నో" అని. క్షేమంగా వెళ్లి క్షేమంగా రావాలని. రగీబ్ మాత్రం "స్రెత్నో, కంగారమ్మా!" అనేవాడు. పెళ్లయింది, పిల్ల పుట్టింది, ఆ పిల్ల పెళ్లి చేసుకుని సరయెవోలో కాపురం పెట్టింది. అయినా హైరియాకు ఆ పేరు పోలేదు. పింఛను వచ్చాక ఉద్యోగం నుంచి ఆమెకు సెలవు దొరికింది గానీ, దిగులు నుంచి దొరకలేదు. ఖాళీ కొక్కేల బదులు ఇప్పుడు రగీబ్ ఊపిరి వింటుంది.

ఆ ఊపిరి చప్పుళ్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. బాగున్న రోజున అది కాఫీ గిన్నెలో నీళ్లు మరగబోయే ముందు వచ్చే సన్నని సద్దులా ఉంటుంది. బాగోలేని రోజున ఈల వేస్తుంది. మరీ బాగోలేని రోజున తడి కంకరలో పార దించినట్టు గరగరమంటుంది, ఆ తర్వాత దగ్గు వస్తుంది, దగ్గు ఆగేదాకా రగీబ్ గోడ పట్టుకుని నిలబడతాడు. కొండలోని దుమ్మంతా తనలో దాచుకుని వచ్చాడని గనివాళ్లు నవ్వుతూ అంటారు. నవ్వి వాళ్లూ దగ్గుతారు.

సెప్టెంబరులో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టి చాలాసేపు చూసింది. రగీబ్ లోపల చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే హైరియాను వరండాలోకి పిలిచింది.

"మీ ఇంట్లో దేంతో వేడి చేసుకుంటారు?"

"అందరిలాగే. బొగ్గుతో."

"ఇంట్లో పొగా బూడిదా ఉన్న ఇంకో చలికాలాన్ని ఈ ఊపిరితిత్తులు తట్టుకోవు. నేను ఊరికే అనడం లేదమ్మా. పొయ్యి మార్చండి, లేదా ఆయన్ని సముద్రం దగ్గరికి తీసుకుపోండి."

సముద్రం దగ్గర వాళ్లకు ఎవరున్నారు? తిరుగు బస్సులో హైరియా అదే ఆలోచిస్తోంది. రగీబ్ కిటికీలోంచి చూస్తూ, "ఏమందేం? సన్నబడమందా?" అన్నాడు.

"పొయ్యి మార్చమంది."

"పొయ్యి ఏం చేసిందట?" అన్నాడతను.

ఆ పొయ్యి వంటింట్లో ఒక గోడంతా ఆక్రమించి ఉంటుంది. తెల్ల ఎనామిలు పూత, ముందు ఇత్తడి కడ్డీ, పక్కన రొట్టెల అర. అత్తగారు దాని మీదే వండింది. అందులోనే హైరియా పీతా అనే పొరల రొట్టె కాల్చింది, కూతురి పాలసీసాలు మరిగించింది, ఆ కడ్డీ మీదే రగీబ్ ఉన్ని మేజోళ్లు ఆరేసింది. అందులో వేసే బొగ్గు గని వాళ్లు ఇచ్చేదే. పింఛనుదార్లకు ఏటా ఒక లారీ వచ్చి గేటు ముందు కుప్ప పోసిపోతుంది. ఆ రోజు ఇరుగుపొరుగు పారలు పట్టుకొస్తారు, ఆడవాళ్లు కాఫీ కాస్తారు. బొగ్గు వచ్చిందంటే రగీబ్ తెల్లచొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడతాడు, పెళ్లికొడుకులాగా. పని చేసినన్నాళ్లూ చేశాను, ఇప్పటికీ నన్ను మర్చిపోలేదు అన్నట్టుంటుంది ఆ నిలబడటం. ఈ ఏడు లారీ ఆలస్యమైంది. అతను రోజూ రోడ్డు మలుపు వైపు చూస్తున్నాడు.

మున్సిపాలిటీలో మాయిదా అనే అమ్మాయి ఉంది, హైరియా స్నేహితురాలి కూతురు. బొగ్గు పొయ్యి అప్పగించేవాళ్లకు కొత్తది పెట్టించే పథకం ఆ అమ్మాయి చేతిలోనే ఉంది. అక్టోబరు ఆఖరులోపు చెప్పాలి. ఒక్కదాన్నే ఎంచుకోవాలి. చెప్పాక మార్చుకోవడం కుదరదు.

"మూడే ఉన్నాయి పిన్నీ," అంది మాయిదా. "కట్టెల బాయిలరు ఒకటి. రంపపు పొట్టును అదిమి చేసిన గుళికలు వేసే పొయ్యి ఒకటి. హీట్ పంపు ఒకటి. అది బయటి గాల్లోని వేడిని లాగి లోపలికి తెస్తుంది."

"చలికాలం బయటి గాల్లో వేడేమిటే?"

"ఉంటుంది పిన్నీ. మనకు తెలీదంతే."

"ఏది మంచిది?"

"అన్నీ మంచివే."

"అన్నీ మంచివైతే మూడెందుకు పెట్టారు?"

మాయిదా నవ్వేసింది. "ఎండతో నీళ్లు కాచే పలకలు కూడా పెడదామన్నారు. మన లోయలో డిసెంబరు ఎండ ఎప్పుడు చూశావు నువ్వు? పొగమంచు తెర తీసేసరికి మార్చి వచ్చేస్తుంది. అందుకని ఈ మూడే. ఇంకో మాట, పాత పొయ్యి మేమే పట్టుకుపోయి పాత ఇనుములో వేస్తాం. ఇంట్లో ఉంచుకోకూడదు."

"కరెంటు పోతే?"

మాయిదా కాగితాలు సర్దుకుంది. "ఈ మధ్య అంతగా పోవడం లేదుగా పిన్నీ."

పోతుంది. కొండ మీదున్న తమ మహల్లాకు, ఆ పేటంతటికీ, మంచు పడ్డ ప్రతిసారీ పోతుంది. హీట్ పంపు కరెంటు లేకపోతే కదలదు. గుళికల పొయ్యి కూడా అంతే, దానికీ లోపల మోటారు ఉందట. కట్టెల బాయిలరుకైనా వేడినీళ్లు గదుల్లోకి తిప్పే మోటారు కావాలట. కరెంటు లేకుండా మండేది ఇప్పుడు ఇంట్లో ఉన్నదొక్కటే. దాన్నే అప్పగించాలి. పైగా హీట్ పంపు గాలి ఊదుతుంది. గాలి ఊదడమంటే హైరియాకు హడలు. ఎదురెదురు కిటికీలు తెరిస్తే గదిలోంచి దూసుకుపోయే గాలి, ప్రొమాయా, ఎంతమందిని మంచాన పడేసిందో ఆమె తల్లి వేళ్ల మీద చెప్పేది. మెడకు ఆ గాలి తగలకుండా ఆమె జీవితమంతా తలుపులు మూస్తూ వచ్చింది. ఇప్పుడు దాన్ని తనే గోడకు బిగించుకోవాలా?

వరసగా రెండు రోజులు ఆమె ఆ మూడింటినీ తిప్పి తిప్పి చూసుకుంది. ఒకదాన్ని అనుకుంటే దాని వెనకనుంచి ఇంకో భయం తల ఎత్తేది. మూడో రోజు గిన్నెలు కడుగుతూ ఆగిపోయింది. కొక్కేల దగ్గర ఆమెకు ఎవరైనా జవాబు చెప్పారా? చెవే చెప్పింది. ఊళ్లో ఆ మూడు రకాలూ పెట్టించుకున్న ఇళ్లున్నాయి. అక్టోబరు వచ్చింది, అందరూ వేడి పెడుతున్నారు. రగీబ్‌ను ఒక్కో ఇంటికీ కాఫీకి తీసుకెళ్తుంది. అతను కబుర్లాడుతుంటే తను ఊపిరి వింటుంది. ఏ ఇంట్లో సద్దు సన్నగా ఉంటే ఆ ఇంటి పొయ్యి. రగీబ్‌కు ఏమీ చెప్పదు, చెబితే అతని ఊపిరి కూడా సిగ్గుపడుతుంది.

మొదట రగీబ్ చెల్లెలు జినేతా ఇంటికి వెళ్లారు. కింద నేలమాళిగలో కట్టెల బాయిలరు, పైన గదుల్లో రేడియేటర్లు. జినేతా ఇంట్లో తొడుక్కునే చెప్పులు అందిస్తూనే మొదలుపెట్టింది, "ఇవాళ సూర్యుడు పడమట పొడిచాడా? మా వదిన గడప దాటి వచ్చింది!"

"రాకూడదా?"

"రా తల్లీ, రా. మా అన్నయ్యను కట్టేసి తెచ్చావా?"

కాఫీ వచ్చింది. ఇంతలో జినేతా మొగుడు కట్టెలు ఎగదోయడానికి కిందికి దిగి మాళిగ తలుపు తీశాడు. కట్టెల వాసన మెట్ల మీదుగా పైకొచ్చింది. మంచి వాసనే, చిన్నప్పటి వాసన. కానీ కాఫీ సగం తాగేలోపే రగీబ్‌లో ఈల మొదలైంది. హైరియా లేచి కోటు అందుకుంది.

"అప్పుడేనా?" అంది జినేతా.

"పొయ్యి మీద పప్పు పెట్టొచ్చాను," అంది హైరియా. ఒకటి పోయింది. మిగిలినవి రెండు.

రెండో ఇల్లు ఆంకిట్సాది. వీధి చివర జుట్టు కత్తిరిస్తుంది, విధవ, నోటికి తాళం లేదు. గోడ మీద మేరీమాత పటం, దాని పక్కనే హీట్ పంపు తెల్లటి పెట్టె, అందులోంచి వెచ్చటి గాలి. హైరియా కళ్లు ఆ పెట్టె మీదనుంచి కదల్లేదు. రగీబ్ సరిగ్గా దాని కిందే కూర్చున్నాడు. లేచి ఇటు రమ్మనాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"రగీబ్ బావా, పై జుట్టు అంతా ఏం చేశావు? నాకు బేరం లేకుండా చేస్తున్నావు," అంది ఆంకిట్సా.

"గని కింద పెట్టి వచ్చాను. వెతుక్కో."

"మీసాలైనా మిగిల్చావు, పుణ్యం. వాటికి రంగు వేస్తే మళ్లీ పెళ్లి సంబంధాలు వస్తాయి. హైరియా అక్కా, ఏమంటావు?"

"తీసుకుపోతానంటే ఇస్తాను. దగ్గుతో సహా," అంది హైరియా.

రగీబ్ పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. మళ్లీ నవ్వు, మళ్లీ దగ్గు. ఆంకిట్సా నీళ్లు తెచ్చింది. ఆ కబుర్ల మధ్య ఊపిరి సద్దు ఏమీ వినిపించనే లేదు హైరియాకు. వినిపించింది దగ్గొక్కటే. ఆ పెట్టె గాలి, ఆ దగ్గు, ఆమె మనసులో ఒకదానికొకటి ముడిపడిపోయాయి. తిరిగొస్తుంటే రగీబ్ మెడ చుట్టూ మఫ్లరు ఇంకో చుట్టు చుట్టింది.

మూడో ఇల్లు వేయ్సిల్‌ది. ఈ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. గనిలో వేయ్సిల్ ఒక జట్టుకు పెద్ద, రగీబ్ ఇంకో జట్టుకు. ఎవరి జట్టు ఎక్కువ బొగ్గు తీస్తే వాళ్ల పేరు దీపాల గది పక్క పలక మీద రాసేవాళ్లు. ఒక నెల ఆ పేరు, ఒక నెల ఈ పేరు. కొన్నేళ్లకు వేయ్సిల్‌ను పైకి, లిఫ్టు నడిపే గదికి మార్చారు. రగీబ్ చివరిదాకా కిందే ఉన్నాడు. ఇద్దరికీ పలకరింపులున్నాయి, ఒకరి ఇంటి శుభకార్యానికి ఒకరు వెళ్తారు. కానీ ఒకరి ముందు ఒకరు తలుపు గొళ్లెం కూడా గట్టిగా వేస్తారు, బలం చూపించడానికి.

వేయ్సిల్ ఇంట్లో గుళికల పొయ్యి గదికి పెళ్లికూతురులా ఉంది. ముందు అద్దం, అద్దం వెనక ఎర్రటి మంట. హైరియాకు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇదీ ఇల్లంటే. నిప్పు కళ్లకు కనిపిస్తోంది, గాలి మెడ మీదికి రావడం లేదు.

"ఏం రగీబ్, ఇంకా నల్లరాళ్లే మండిస్తున్నావా?" అన్నాడు వేయ్సిల్.

"నేను తవ్విందే మండిస్తాను. కొనుక్కొచ్చి మండించే అవసరం ఇంకా రాలేదు."

"ఊపిరి ఎలా ఉంది?"

"ఉంది. నీది నువ్వు చూసుకో, లిఫ్టు గదిలో కూర్చుని కూర్చుని పొట్ట పెరిగింది."

కాఫీలు అయ్యాయి, ఇంకో కాఫీ అయ్యింది, వేయ్సిల్ భార్య ఆపిల్ పీతా పెట్టింది. హైరియా కప్పు పెదాల దగ్గర పెట్టుకుని వింది. ఈల లేదు. గరగర లేదు. దగ్గు ఒక్కటంటే ఒక్కటి లేదు. రగీబ్ నిటారుగా, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెకు కళ్లు చెమర్చినంత పనైంది. దొరికింది, అనుకుంది. బయల్దేరేటప్పుడు రగీబ్, "మీ రేగు చెట్లు ఒకసారి చూసొస్తా," అని పెరట్లోకి వెళ్లాడు. హైరియా వేయ్సిల్ భార్యతో గుళికల మూట ఎంత బరువుంటుంది, బూడిద ఎన్నాళ్లకొకసారి తీస్తారు అని మాట్లాడుతూ నిలబడింది. చాలాసేపయ్యాక రగీబ్ వచ్చాడు. తలుపు దగ్గర గబగబా బూట్లు తొడుక్కున్నాడు.

మర్నాడే ఆమె మాయిదా దగ్గరికి వెళ్లి గుళికల పొయ్యి అని చెప్పింది.

"సోమవారం వచ్చి సంతకం పెట్టు పిన్నీ. అప్పటిదాకా నీ ఇష్టం, ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఆ తర్వాతి రెండు రాత్రులూ ఆమె హాయిగా నిద్రపోయింది. శనివారం పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గేటు చప్పుడైంది. వేయ్సిల్. చేతిలో రగీబ్ టోపీ.

"ఇది మా దగ్గర మర్చిపోయాడు."

"అయ్యో, పెట్టుకునే వచ్చాడనుకున్నా. కుర్చీ మీద వదిలేశాడా?"

"కాదు," అన్నాడు వేయ్సిల్. టోపీని అటూ ఇటూ తిప్పాడు. "కొట్టం వెనక. నేల మీద పడుంది."

"రేగు చెట్లు చూస్తానన్నాడుగా."

"రేగు చెట్లు కొట్టం ముందున్నాయి హైరియా."

ఆమె చేతిలో బట్టలపిన్ను అలాగే ఉండిపోయింది. వేయ్సిల్ ఆమె వైపు కాక తాడు మీది దుప్పటి వైపు చూస్తూ చెప్పాడు, "నేను బాత్రూంలో ఉన్నాను. కిటికీ అటే ఉంటుంది. కొట్టం గోడకు తల ఆనించి దగ్గాడు. అలాంటి దగ్గు నేను గని కింద కూడా వినలేదు. బయటికి పోదామనుకున్నా. పోతే వాడు సిగ్గుతో చస్తాడు. అందుకని నీళ్ల కుళాయి తిప్పి, వినపడనట్టు కూర్చున్నా. నువ్వు మా పొయ్యి పెట్టించుకుంటున్నావని మా ఆవిడ చెప్పింది. చెప్పకుండా ఉండలేకపోయాను. మా ఇంట్లో మూటలు పోసినప్పుడల్లా సన్నటి పొట్టు లేస్తుంది. నాకేమీ కాదు, నేను ఎప్పుడో గనిలోంచి పైకొచ్చినవాణ్ణి. వాడి సంగతి వేరు." గేటు దాకా వెళ్లి ఆగాడు. "నేను చెప్పానని చెప్పకు."

హైరియా తడి బట్టలు తొట్టిలోనే వదిలేసింది. ఈసారి కొక్కేలన్నీ నిండాయనుకుని తొందరపడి కోటు తొడుక్కున్నట్టయింది. ఒక కొక్కెం ఖాళీగా ఉంది. ఆమె చూడలేదు.

రగీబ్ పొయ్యి ముందు కూర్చుని మేజోళ్లు తిరగేస్తున్నాడు. ఆమె టోపీ తెచ్చి అతని మోకాలి మీద పెట్టింది.

రగీబ్ టోపీ వైపు చూశాడు. "వేయ్సిల్ వచ్చాడా?"

"టోపీ వచ్చింది."

"దేని మీద వచ్చింది, దానికి కాళ్లున్నాయా?"

"ఎందుకు దాచావు?"

"ఏం దాచాను?"

"రగీబ్."

అతను మేజోడు కిందపెట్టాడు. "వాడి ముందు దగ్గమంటావా? పలక మీద నా పేరున్న నెలలన్నీ వాడికి గుర్తే. ఇప్పుడు వాడి కుర్చీలో కూర్చుని, వాడి కాఫీ తాగుతూ ముసలి గుర్రంలా దగ్గితే, ఇంటికి పోయేలోపు గనివాళ్లందరికీ తెలుస్తుంది."

"ఆంకిట్సా ఇంట్లో దగ్గావుగా?"

"ఆంకిట్సా నవ్వించింది, దగ్గాను. నవ్వితే దగ్గు రాదా? అక్కడ ఎవడు చూస్తాడు? ఆ మనిషి ముందు దగ్గినా ఒకటే, తుమ్మినా ఒకటే." గొంతు తగ్గించి అన్నాడు, "నిజం చెప్పాలంటే నవ్వు ఆగాక అక్కడ బాగానే ఉంది. ఛాతీ మీద నుంచి ఎవరో లేచినట్టు."

హైరియా స్టూలు లాక్కుని కూలబడింది. "నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నాకు చెప్పావా? పెళ్లయినప్పటినుంచి ఒక వారంలో మూడిళ్లకు కాఫీకి తీసుకెళ్లావా ఎప్పుడైనా? కప్పు మూతి దగ్గర పెట్టుకుని తాగకుండా వింటున్నావు. దీపాల గది కిటికీలో కూడా అలాగే పెట్టేదానివి మొహం. నేను గుడ్డివాణ్ణా?"

"తెలిసి కూడా బిగబట్టావా? వేయ్సిల్ చెత్త పొయ్యికోసం నా చెవిని మోసం చేశావా?"

రగీబ్ పొయ్యి వైపు తిరిగాడు. ఇత్తడి కడ్డీని బొటనవేలితో రుద్దాడు.

"వాడి పొయ్యిలో మంట ఉంది హైరియా. ఆంకిట్సా గోడ మీద పెట్టె ఉంది, అంతే. పొద్దున్నే లేచి నేను దేని ముందు కూర్చోవాలి? నిప్పు లేని ఇంట్లో మనుషులుంటారా? అది ఇల్లా, ఆస్పత్రి వరండానా?"

ఆమెకు కోపం రావాలి. రాలేదు. ఆ మాటే ఆమె కూడా వేయ్సిల్ ఇంట్లో అద్దం ముందు అనుకుంది. వినాల్సిన చెవి మంట చూసి మెత్తబడిపోయింది. అతనొక్కడే కాదు, తను కూడా తనను మోసం చేసుకుంది. ఒక్కసారి సంతకం పెట్టి ఉంటే?

"నువ్వు లేని ఇంట్లో నిప్పు పెట్టుకుని నేనేం చేసుకోను?" అంది.

ఆ రోజు మళ్లీ ఆంకిట్సా ఇంటికి వెళ్లారు. ఈసారి దాపరికం లేదు. హైరియా తలుపు దగ్గరే చెప్పింది, "ఆంకిట్సా, ఒక గంట నువ్వు నోరు మూసుకోవాలి."

"చంపేస్తావా నన్ను?"

"ఈయన ఊపిరి వినాలి."

ఆంకిట్సా నోటి మీద వేలేసుకుని అల్లిక పట్టుకుంది. ముగ్గురూ కూర్చున్నారు. పెట్టె సన్నగా రొదపెడుతోంది. హైరియా కళ్లు మూసుకుంది. మొదట ఈల వినిపించింది, నడిచొచ్చినందుకు. తర్వాత ఈల పలచబడింది. ఆ తర్వాత, నీళ్లు మరగబోయే ముందు వచ్చే సద్దు. అది నిలబడింది. ఆమె ఇంకా వింది, నమ్మలేక.

"ఇక మాట్లాడొచ్చా? పగిలిపోతున్నాను," అంది ఆంకిట్సా.

"మెడ మీదికి గాలి రావడం లేదా రగీబ్?"

"వస్తోంది."

"అదిగో!"

"ఏమక్కా, పైన ఎందుకు పెట్టిస్తావు?" అంది ఆంకిట్సా. "నాకు జుట్టు ఆరాలని పైన పెట్టించుకున్నా. నేలకు దగ్గరగా పెట్టేవి కూడా ఉన్నాయి. గాలి కాళ్ల దగ్గరనుంచి వస్తుంది. కాళ్లకు ప్రొమాయా తగిలి చచ్చినవాళ్లను నేనైతే చూడలేదు."

సోమవారం హైరియా మాట మార్చింది. మాయిదా కళ్లజోడు పైనుంచి చూసి, "ఇదే ఖాయమా?" అంది. ఖాయమని చెప్పడానికి హైరియా నోరు రెండుసార్లు తెరుచుకుంది, రెండోసారికి మాట వచ్చింది. కరెంటు పోతే ఏమిటన్న ప్రశ్న ఇంకా అక్కడే ఉంది, జవాబు లేకుండా. దాన్ని కూడా వెంటబెట్టుకునే సంతకం పెట్టింది.

బొగ్గు లారీ గురువారం వచ్చింది. హైరియా కిటికీలోంచి చూసింది. రగీబ్ తెల్లచొక్కా వేసుకున్నాడు. ఇంట్లోకి ఒక్క పార బొగ్గు వచ్చినా అతను పాత పొయ్యిని పోనివ్వడు, ఆమెకు తెలుసు. డ్రైవరు దిగి తొట్టి ఎత్తబోయాడు.

"ఎక్కడ పొయ్యమంటావు మామా, ఎప్పటి చోటేనా?"

"పొయ్యొద్దు."

"అంటే?"

"వెనక్కి తీసుకుపో."

డ్రైవరు టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "మామా, ఇన్నేళ్లలో వెనక్కి తీసుకుపొమ్మన్నవాణ్ణి చూడలేదు. ఆఫీసులో ఏం చెప్పమంటావు?"

"రగీబ్ చాలినంత బయటికి తీశాడు, ఇక లోపలికి తీసుకోడని చెప్పు."

లారీ మలుపు తిరిగేదాకా అతను గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలికొచ్చాక చొక్కా విప్పి, మడిచి, బీరువాలో పెట్టాడు. హైరియా కాఫీ కాచి ఇచ్చింది.

పొయ్యిని మోయడానికి నలుగురు మగవాళ్లు కావలసొచ్చింది. వేయ్సిల్ పిలవకుండానే వచ్చి ఒక మూల పట్టుకున్నాడు. "ఈ మూల నాది. ఇదే బరువు," అన్నాడు. రగీబ్ గుమ్మం పక్కన కూర్చుని, "నేనైతే రెండు మూలలు పట్టేవాణ్ణి," అన్నాడు. పొయ్యి వెళ్లాక నేల మీద కొత్తగా ఉన్న చోటు మిగిలింది, ఎవరూ తొక్కని చోటు. దాని మీద ఏం పెట్టాలో తెలియక హైరియా వారం రోజులు దాన్ని చుట్టి నడిచింది. గోడకు కిందుగా, నేల దగ్గర తెల్లపెట్టె బిగించారు. ఇంటి వెనక దాని పెద్ద పెట్టెలో ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. ఆమె ప్రతి పూటా వెళ్లి దాని చప్పుడు వినొచ్చేది. చప్పుడు మారితే? ఆగితే? దానికి చలి వేస్తుందేమోనని దుప్పటి కప్పబోతే మాయిదా ఫోన్లో లబోదిబోమంది, "కప్పకు పిన్నీ! దాని ముక్కు మూసినట్టే!"

మొదటి మంచు డిసెంబరులో పడింది. మధ్యాహ్నం వంటింట్లో దీపం ఆరిపోయింది. దాంతోపాటే గోడ కింది పెట్టె రొద కూడా ఆగిపోయింది.

హైరియా ఉన్నచోటే నిలబడిపోయింది. ఇన్ని వారాలు ఎదురుచూసిన నిశ్శబ్దం అదే. కిటికీ అంచున దుప్పటి దోపింది, గడప కింద గుడ్డ చుట్టి పెట్టింది, రగీబ్ మీద ఉన్ని శాలువా కప్పింది, కాళ్ల దగ్గర కంబళి. ఆ పాత పొయ్యి ఉండి ఉంటే ఈపాటికి అగ్గిపుల్ల గీసేది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"కూర్చో కంగారమ్మా," అన్నాడు రగీబ్. "గోడలకింకా వెచ్చదనం ఉంది."

"ఎంతసేపుంటుంది?"

"కూర్చుంటే తెలుస్తుంది."

తలుపు కొట్టారు. వేయ్సిల్, అతని భార్య, భుజాల మీద మంచుతో. "మాదీ చచ్చింది," అన్నాడు వేయ్సిల్ బూట్లు విప్పుతూ. "మోటారు లేకపోతే గుళికలు పడవట. మంట అద్దంలో చూస్తుండగానే ఆరిపోయింది. మీ ఇంట్లో కాస్త ఎక్కువ నిలుస్తుందేమోనని వచ్చాం."

"ఒంటరిగా గడ్డకట్టడం ఎందుకు, కలిసి గడ్డకడదాం," అన్నాడు రగీబ్. నవ్వాడు. నవ్వు ఎప్పటిలాగే దగ్గులోకి దిగింది.

హైరియా అతని వైపు చూసింది. అతను లేవలేదు, పెరట్లోకి వెళ్తాననలేదు, గోడ పట్టుకోలేదు. వేయ్సిల్ ఎదురుగా, కుర్చీలోనే, శాలువా మోకాళ్ల మీద జారుతుండగా దగ్గాడు. ఆగేదాకా దగ్గాడు. వేయ్సిల్ చూపు తిప్పుకోలేదు. "అంతేనా?" అన్నాడు. "నేను ఇంతకన్నా ఎక్కువ విన్నాను."

రగీబ్ కళ్లు తుడుచుకున్నాడు. "వింటావు. నీకు పనేముంది?"

హైరియా స్పిరిట్ దీపం మీద కాఫీ పెట్టింది. గది నెమ్మదిగా చల్లబడుతోంది, ఆమె వేళ్లకు తెలుస్తూనే ఉంది. బయట ఎక్కడా కరెంటు జాడ లేదు. నలుగురూ కోట్లతో కూర్చున్నారు. వేయ్సిల్ ఏదో పాత షిఫ్టు సంగతి మొదలుపెట్టాడు. ఆమె కప్పు పెదాల దగ్గర పెట్టుకుని, తాగకుండా, వింది. దగ్గు వెళ్లిపోయిన చోట ఊపిరి మళ్లీ కుదురుకుంటోంది. ఈల లేదు. ఆ రోజు వేయ్సిల్ ఇంట్లోలా దాచిన ఊపిరి కాదది, ఉన్నది ఉన్నట్టు వినిపిస్తోంది. ఆమె కప్పు కిందికి దించలేదు. దాన్నే వింటూ కూర్చుంది.